కలుపు తీయని నాలుగు సాళ్ళు

మార్కాపురం పలకలకు పేరు. బేస్తవారిపేట దగ్గరి పల్లెలో మా ఇంట్లోనూ పలకలున్నాయి, వంటింటి గట్టుకు పరిచినవి నాలుగు. పలకడమే లేదు.

ఉన్నది ఇద్దరం, నేనూ మా అత్త సరస్వతమ్మా. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. అల్లుడి ఎదుట నోరు విప్పడం మర్యాద కాదని నమ్మిన కాలం మనిషి ఆవిడ. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో నాతో నేరుగా ఒక్క మాట అనలేదు. ఏది చెప్పాలన్నా కూతురితో చెప్పేది, కూతురు నాతో చెప్పేది. "వాళ్ళకు ఇంకొంచెం పప్పు కావాలేమో అడగవే" అని ఆవిడ అంటే, రెండడుగుల దూరంలో కూర్చున్న నేను ఏమీ విననట్టు గోడ చూసి, హేమలత అడిగాక "చాలు" అనేవాణ్ణి. రెండేళ్ళ కిందట హేమలత జబ్బుచేసి పోయింది. మాకు పిల్లలు లేరు. మధ్యలో మాట మోసే మనిషి లేకపోయేసరికి అత్త తలుపుతో మాట్లాడటం మొదలుపెట్టింది. "అన్నం పెట్టినాను" అని తలుపుకు చెప్పేది. తలుపు నాకు చెప్పాలి. కలుపు తీయడంలో బేస్తవారిపేట చుట్టుపక్కల ఆవిడను మించినవాళ్ళు లేరు గానీ, మా ఇద్దర్నీ కలుపు అని ఎవర్ని అడగను?

నా పేరు సంజీవరావు. పేరు అంతటిదే గానీ నేను నాటిన మొక్క ఒక్కటీ బతకలేదు. అందుకే బాటనీ చెబుతాను. బాట నీది, ఎండ నీది, చెప్పులు నీవి, అదే బాటనీ అని మొదటి రోజు పిల్లలకు చెబుతాను, నవ్వుతారు. మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. పందొమ్మిదేళ్ళుగా గెస్టునే. ఇంతకాలం కదలని చుట్టాన్ని ఎవరూ భరించరు. నన్ను భరిస్తున్నారంటే నోటివల్లే. నేను స్టాఫ్ రూంలో అడుగుపెట్టగానే, ఏదో అంటానని ముందే నవ్వడం మొదలుపెడతారు. ఇది గొప్పకు చెప్పడం లేదు.

పన్నెండేళ్ళ కిందట హేమలత అదే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఒక డిసెంబరులో తల్లితోపాటు శనగచేనుకు పోయి ఒక చిన్న మొక్క తెచ్చింది. బూడిద పూసినట్టుండే ఆకు, దారప్పోగుల్లాగా చీలి ఉంది. స్టాఫ్ రూంలో అందరి ముందూ, "ఇది చాతరాశేమోనండీ" అంది. చాతరాశి ఉత్తరాదిన గోధుమ చేలలో కనబడే మొక్క. దాని వంశమంతా చలిదేశాల వాళ్ళే. మేనమామలూ మేనత్తలూ హిమాలయాల్లో, మంచు కరిగే రాళ్ళ సందుల్లో పూస్తుంటారు. ఒకటీ అరా కొమ్మ దక్కనులోకీ నీలగిరుల్లోకీ దిగివచ్చినట్టు పుస్తకాల్లో ఉంది. మా దిక్కు ఉందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పైగా ఆమె చేతిలోనిదానికి పువ్వూ లేదు, కాయా లేదు. నేను దగ్గరికి తీసుకుని చూడను కూడా చూడలేదు.

"మా ఆవిడ శనగచేనులో కొత్తిమీర చూసి కాశ్మీరం చూశానంటోంది" అన్నాను.

స్టాఫ్ రూం కూలిపోయేట్టు నవ్వింది. తెలుగు లెక్చరర్ బాలకృష్ణ కళ్ళు తుడుచుకుంటూ ఆ పూటే ఆమెకు కాశ్మీరం మేడమ్ అని పేరు పెట్టాడు. హేమలత కూడా నవ్వింది. ఉద్యోగం మానేదాకా ఆ పేరు ఆమెతోనే ఉంది.

మొన్నటి నవంబరులో కాలేజీకి ఒక ఉత్తరం వచ్చింది. జిల్లాలోని మొక్కల జాబితాను ఎవరో పరిశోధకులు కొత్తగా రాస్తున్నారట. ఇదివరకు నమోదు కాని మొక్క ఏదైనా ఉంటే, పూత, కాయ రెండూ ఉన్న కొమ్మను ఆరబెట్టి ఫిబ్రవరి నెలాఖరులోగా పంపమన్నారు. మొక్కలకు ఊళ్ళల్లో వాడే పేర్లు వెతుక్కోవడానికి హేమలత ల్యాబు పుస్తకం తీశాను. నడిమి పేజీలో ఆ రోజుటి కొమ్మ అంటించి ఉంది. కింద ఆమె గుండ్రటి అక్షరాలతో 'పూత చూడాలి' అని ఒక్క మాట.

భూతద్దం పెట్టి చూశాను. కొత్తిమీర కాదు. ఆకు చీలిక, కాడ మీది గాడి, అన్నీ చాతరాశి వైపే చూపిస్తున్నాయి. అయితే ఆకు చూసి ఎవరూ నమ్మరు. నేను నమ్మానా?

ఆ రాత్రి నుంచీ నాకు ఒకటే కోరిక. ఆ మొక్క మా జిల్లా జాబితాకెక్కాలి. ఎక్కిన రోజున ఏ గదిలో నవ్వించానో ఆ గదిలోనే నిలబడి, ఆమె చెప్పింది నిజమని చెప్పాలి.

*

డిసెంబరు మొదటివారం. అత్త చేనులో కలుపు. దయామణి తన కోడలు ఫెబీనీ మరో నలుగుర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఈ చుట్టుపక్కల చేలన్నిటికీ కలుపుగుంపు ఆమెదే. నేను పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను.

"దయామణక్కా, ఈ మొక్క ఎప్పుడన్నా చూసినావా?"

ఆమె పుస్తకం వైపు చూసి, ఎడమచేతిలోని గడ్డికట్ట నుంచి ఒక పోచ లాగి దాని పక్కన పెట్టింది. అదే.

"చూసేదేంది సారూ, ఏటేటా పీకేదే."

"దీని పేరేంది?"

"పీకేదానికి పేరెవరు పెడతారు?"

నేను ఫోనుతో ఆ పోచను ఫోటో తీస్తుంటే వెనక నుంచి ఫెబీ, "కలుపు ఫోటో తీసుకుంటాడంట సారు. మనం ఆరుమందిమి ఉన్నాం, మనల్ని తీయడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వేరేవాళ్ళు నవ్విస్తే నవ్వడం నాకు కొత్త.

"ఇది యాడయాడ ఉంటాదక్కా?"

దయామణి వంగిన నడుము ఎత్తలేదు. చేతులు ఆగలేదు. "పుల్లలచెరువు దిక్కు కూలికి పోయినాం, ఆడ లేదు. ఎర్రనేలలు, నీళ్ళు తక్కువ. ముండ్లమూరు కాడ పెద్దిరెడ్డోళ్ళ చేన్లో ఉంది. ఈడ మీ గట్టెంబడి ఉంది. నల్లనేల ఉండాల, శనగ ఉండాల, పొద్దున మంచు పడాల. మూడిట్లో ఒకటి తక్కువైనా మొలవదు. ఇత్తనాల మూటల్లో వచ్చింటాది ఎప్పుడో."

నేను పందొమ్మిదేళ్ళు బోర్డు మీద గీసిన మొక్కల పటాలన్నీ కలిపినా ఇంత తేటగా లేవు. బస్సెక్కి కూలికి పోయిన ప్రతి ఊరూ ఆమెకు పటంలో ఒక చుక్క.

"పూత ఎట్లుంటాది?"

ఆ మాటకు చేతులు ఆగాయి. "పూతా? నేను చూళ్ళేదు సారూ. నా చెయ్యి పడినాక పూసేదెట్ల?"

అప్పుడు అర్థమైంది. శనగ వేసిన నెలరోజులకు కలుపు తీస్తారు. ఈ మొక్క పూతకు రావాలంటే ఇంకో ఆరు వారాలు పట్టాలి. ఇక్కడ చాతరాశి లేదని పుస్తకాలు అన్నది, రాసినవాళ్ళ నిర్లక్ష్యం వల్ల కాదు, దయామణి శ్రద్ధ వల్ల. హేమలత 'పూత చూడాలి' అని రాసుకుని, ఏటా చూడలేకపోయింది కూడా అందుకే.

మధ్యాహ్నం అత్త గిన్నెల్లో సద్ది తెచ్చి గట్టు మీద దించింది. నేను ఇవతల, ఆవిడ అవతల, మధ్యలో దయామణి.

"అక్కా, ఆమెతో చెప్పు. తూర్పు గట్టెంబడి నాలుగు సాళ్ళు కలుపు తీయకుండా వదలమని."

దయామణి అటు తిరిగింది. "నాలుగు సాళ్ళు వదలమంటున్నాడమ్మా సారు."

"వినబడింది" అంది అత్త ఆమెతోనే. "సరస్వతమ్మ చేన్లో కలుపు నిలిచిందంటే ఊళ్ళో ఏమనుకుంటారో అడుగు. కూతురు పోయినాక ముసల్దాని పనైపోయింది అనరా? చేను బీడు పెట్టుకునింది అనరా?"

"వింటివా సారూ?"

"నాలుగు సాళ్ళే గదా అని చెప్పు."

"నాలుగు సాళ్ళే అంటున్నాడమ్మా."

"ఎందుకో చెప్పమను."

దయామణి ఇటొకసారి అటొకసారి చూసి, "నేను వచ్చింది కలుపుకా, మీ కబుర్లు మోసేదానికా? ఒకరికొకరు కనబడుతానే ఉండారు గదమ్మా" అంది.

అలవాటు కొద్దీ నేను ఒక చమత్కారం వెతుక్కున్నాను. సాళ్ళు, సాలెపురుగులు, ఏదో తట్టింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దయామణి ముఖమే చూస్తూ, అత్తకు వినబడేంత గట్టిగా, మొత్తం చెప్పాను. హేమలత తెచ్చిన కొమ్మ, స్టాఫ్ రూం, నేను అన్న మాట, వాళ్ళు పెట్టిన పేరు, ఇప్పుడొచ్చిన ఉత్తరం. ఆరుగురు ఆడవాళ్ళూ కలుపు తీయడం ఆపేసి విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ మాట విని నవ్వనివాళ్ళను నేను చూడటం అదే మొదలు.

అత్త గిన్నె మీద మూత పెట్టింది. కొంగు సర్దుకుంది.

"దయామణీ, తూర్పు గట్టు దిక్కు ఎవురూ పోవద్దని చెప్పు" అంది.

*

నాలుగు సాళ్ళలో ఏడు మొక్కలు నిలిచాయి. రోజూ పొద్దున్నే మార్కాపురం బస్సు ఎక్కేముందు పోయి చూసి వచ్చేవాణ్ణి. మంచు పడ్డప్పుడు గట్టు మీద నుంచి చూస్తే మొక్కలా కనబడేది కాదు. ఎవరో కుంపటి ఆర్పితే లేచిన పొగ, పైకి పోలేక నేలను పట్టుకుని ఉన్నట్టుండేది. సంక్రాంతి దాటాక పూత పట్టింది. బియ్యపుగింజంత పువ్వు, లేత గులాబిరంగు, కొస మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నల్లగా. ఇరవైముప్ఫై పూలు కలిస్తే గానీ ఒక పువ్వనిపించదు.

కాయ కూడా కావాలి. అందాకా ఆగాలి. గట్టు మీద కూర్చుని వాటికి కబుర్లు చెప్పేవాణ్ణి. "మీవాళ్ళంతా హిమాలయాల్లో ఉంటే మీరు బేస్తవారిపేటలో ఏం చేస్తున్నారు? బదిలీయా?" అని అడిగేవాణ్ణి. నా మాటలకు నవ్వనివాళ్ళ మధ్య కూర్చోవడం హాయిగానే ఉండేది. ఇంటికి పోతే ఎలాగూ తలుపే.

ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. మా పక్కచేను రైతు వెంకటసుబ్బయ్య ఒక సాయంత్రం వీధిలోంచే కేకేశాడు. "ఏందత్తా, చేన్లో పూలతోట వేసినావంట? కోసి అమ్ముతావా, గుళ్ళో ఇస్తావా?"

అత్త చీపురు పక్కన పెట్టలేదు. "మా అల్లుని చదువు నాయనా అది" అంది.

లోపల కూర్చున్న నేను ఆ మాటను రెండుసార్లు నాలో నేను అనుకున్నాను. మా అల్లుడు. ఇరవై మూడేళ్ళుగా నేను 'వాళ్ళు'.

జనవరి చివరికి చిన్న గుండ్రటి కాయలు కట్టాయి. ఆదివారం తీరిగ్గా కోసి కాగితాల మధ్య పెడదామని అనుకున్నాను. శనివారం కాలేజీ నుంచి బస్సు దిగి తిన్నగా చేనుకు పోయాను. తూర్పు గట్టు పక్క నాలుగు సాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. శనగ తప్ప ఇంకేమీ లేదు. నేల మీద మొక్కలు పీకిన గుంతలు మాత్రం కొత్తగా ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి వెంకటసుబ్బయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"రా సారూ. నువ్వు చూసే ఉంటావు. నువ్వు బస్సెక్కినాక నేనూ మా ఇంటామె నాగరత్నమూ పోయి పీకేసినాం. ఒక్క పోచ వదల్లే. అత్తకు చాతగావడం లేదని మాకు తెలీదా? ఊరికే ఎగతాళి చేసినా గానీ, ఆమె అట్ల కలుపు వదిలే మనిషా? కడుపులో దుక్కం పెట్టుకోని పైకి అల్లుని చదువు అంటా ఉంది."

మా ఊళ్ళో చావు జరిగిన ఇంటి చేను వెనకబడితే, ఎవరో ఒకరు చెప్పకుండా పోయి ఒక పూట పని చేసి వస్తారు. చెప్పి చేస్తే కూలి అవుతుంది. చెప్పకుండా చేస్తేనే సాయం. అలాంటి సాయాన్ని తప్పుపట్టకూడదు.

"చాలా మేలు చేసినావు సుబ్బయ్యా" అన్నాను.

అత్త చెంబులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "చల్లగుండు నాయనా. ఆ గడ్డి యాడేసినారు?"

"యాడేసేదేంది, మా గేదె ముందర. దానికన్నా కడుపు నిండనీ." మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, మంచిపని చేసిన మనిషి నడకతో వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి అత్త చెప్పులేసుకుంది. తలుపుకు ఏమీ చెప్పలేదు. నేను వెనకాల నడిచాను.

వెంకటసుబ్బయ్య గేదెల పాక వీధి చివర. నాగరత్నమ్మ నీళ్ళకు పోయినట్టుంది, ఎవరూ లేరు. గేదె తీరిగ్గా నెమరేస్తోంది. ముందున్న మేత గాడిలో సగం గడ్డి లేదు. అత్త కొంగు దోపుకుని గాడి పక్కన గొంతుక్కూర్చుంది. నేను ఇటుపక్క కూర్చున్నాను. గరిక ఉంది, తుంగ ఉంది, నలిగిన శనగరెమ్మలున్నాయి. ఆవిడ వేళ్ళు దేన్నీ చూడకుండానే విడదీస్తున్నాయి, అరవై ఏళ్ళు కలుపు తీసిన వేళ్ళు.

"ఆ పొద్దు ఎందుకు నవ్వినావు నాయనా?"

గేదె అడిగిందేమో అన్నట్టు అటు చూశాను. ఆవిడ తల ఎత్తలేదు, గడ్డి వెతుకుతూనే ఉంది.

"నేను నవ్వలేదత్తా, నవ్వించినాను" అన్నాను.

ఆవిడ ఇంకో గుప్పెడు గడ్డి ముందుకు లాక్కుంది. నా జవాబు నాకే నచ్చలేదు.

"హేమలతకు తెలిసింది. నాకు తెలీలేదు. ఆ సంగతి అందరి ముందరా తేలిపోతాదేమోనని అట్లన్నాను" అని చెప్పాను.

"ఇంటికొచ్చి చెప్పింది నాతో" అంది అత్త. "ఏడవలేదు. నువ్వు మెచ్చుకుంటావని తెచ్చిందంట. అంతే చెప్పింది. పన్నెండేళ్ళు మన చారులో కొత్తిమీర లేదు. చూసినావా?"

చూడలేదు. పన్నెండేళ్ళు రోజుకు రెండు పూటలు ఆ చారు పోసుకుని తిన్నాను. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. అన్నం ముందు కూర్చుని కూడా ఎవర్నో నవ్వించే మాట వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

"ఇదిగో" అంది అత్త.

గాడి మూలలో, గేదె ముట్టె తగిలి తడిసిన గడ్డి కింద, ఒక మొక్క వేరుతో సహా ఉంది. చేదుగా ఉందని వదిలేసిందో, కడుపు నిండి వదిలేసిందో. ఆకు వాడింది. పైన నాలుగు పూలు, కింద ఆరు కాయలు.

"ఈ కొమ్మకు రెండూ ఉండాయి. జాగర్తగా పట్టుకో" అంది.

*

పదిహేను రోజులు కాగితాలు మార్చి మార్చి ఆరబెట్టాను. దానికి అంటించే చీటీలో నాలుగు గడులుంటాయి. మొక్క పేరు దగ్గర చాతరాశి అని, దొరికిన చోటు దగ్గర, నల్లరేగడి శనగచేను, కలుపు తీయని నాలుగు సాళ్ళు అని రాశాను. సేకరించినవారి పేరు దగ్గర సరస్వతమ్మ అని రాశాను. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, "నా పేరెందుకు? దానిది రాయి" అంది. కోసినవాళ్ళ పేరే రాయాలి, పోయినవాళ్ళ పేరు రాస్తే అబద్ధమవుతుందని చెప్పాను. చివరి గడి గమనికలకు. అందులో రాశాను: ఈ మొక్కను ఇక్కడ మొదట గుర్తుపట్టినది హేమలత, పన్నెండేళ్ళ కిందట. నమ్మనివాడు ఆమె భర్త.

ఆ రోజు అన్నం దగ్గర అత్త, "రేపటి నుంచి చారులో కొత్తిమీర వెయ్యనా?" అని నన్నే అడిగింది. ఇప్పుడు ఆవిడ నాతోనే మాట్లాడుతోంది. తక్కువే, రోజుకు నాలుగైదు మాటలు. "వద్దత్తా" అన్నాను.

మార్చి రెండోవారంలో జవాబు వచ్చింది. చాతరాశే. జిల్లా జాబితాలో చేరుస్తున్నాం, పటంలో చుక్క పెడుతున్నాం అని రాశారు. సాయంత్రం అత్తకు చదివి వినిపించాను.

"కాలేజీలో చెప్పినావా?"

"రేపు చెబుతా."

"అందరూ ఉన్నప్పుడు చెప్పు" అంది. "ఆ పొద్దు ఎవరెవరు నవ్వినారో వాళ్ళందరూ ఉన్నప్పుడు."

మర్నాడు పదకొండింటి విరామందాకా ఆగాను. అప్పటివాళ్ళలో ఇద్దరు రిటైరయ్యారు. మిగతావాళ్ళంతా ఉన్నారు. బాలకృష్ణ కిటికీ పక్కన టీ తాగుతున్నాడు. నేను లేచి నిలబడగానే కుర్చీలు ఇటు తిరిగాయి. నోళ్ళు అప్పుడే సగం విచ్చుకున్నాయి.

"పన్నెండేళ్ళ కిందట మా హేమలత ఈ గదిలో ఒక మొక్క పట్టుకుని, ఇది చాతరాశి అంది" అన్నాను. "అది చాతరాశే. ఆమె చెప్పింది నిజం. నేను అన్నది తప్పు."

బాలకృష్ణ పక్కున నవ్వాడు. టీ ఒలికింది. "కాశ్మీరం మేడమ్! ఇంకా వదల్లేదా సార్ మీరు?" అని బల్ల మీద చరిచాడు. అతని వెనకే మిగతావాళ్ళు. మొన్న జూన్‌లో చేరిన ఇంగ్లీషు మేడమ్‌కు ఏమీ తెలియదు, ఆమె కూడా నవ్వింది. నేను మాట్లాడితే నవ్వాలని ఎవరో చెప్పి ఉంటారు. "తర్వాతేంది సార్, తర్వాత చెప్పండి" అంటున్నాడు బాలకృష్ణ, కళ్ళు తుడుచుకుంటూ.

వాళ్ళను ఏమనగలను? ఇన్నేళ్ళూ నేనే నేర్పాను.

జవాబు కాగితం చేతిలో పట్టుకుని, నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. ఆగాక, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.